గంజాయి మోసినవాడును, కొనినవాడును



తులసివనములో గంజాయి మొక్క అను సామెతను వినని వారు మనలో లేరు. మంచివారి నడుమ ఒక చెడ్డవాడు చేరినప్పుడు మన పెద్దలు ఈ మాట అనుచుందురు. ఈ సామెతలో ఒక తలంపు దాగియున్నది. వనము మనది, చెడ్డది మాత్రము ఎక్కడనుండియో వచ్చినది, దానిని పెరికి గోడ అవతల పారవేసినచో వనము శుద్ధియగును. నేడు గంజాయినిగూర్చి మన ఇండ్లలోను, మన సభలలోను జరుగుచున్న సంభాషణ యంతయు ఈ తలంపుమీదనే నడచుచున్నది. "ఏజెన్సీవారు పండించుచున్నారు, ఏజెన్సీవారు మోయుచున్నారు, వారిని పట్టి చెరలో వేసిన చాలును" అని పట్టణములో కూర్చున్న మనము తీర్పు చెప్పుచున్నాము. ఈ తీర్పు న్యాయమైనది కాదని చూపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను గంజాయిని సమర్థించువాడను కాను. ఆ మాట మొదటనే చెప్పుట మేలు. దానివలన చదువు చెడిన పిల్లలను చూచితిని. రాత్రియంతయు నిద్రలేక గదిలో తిరుగులాడు కుమారుని చూచి కన్నీరు కార్చు తల్లులను సంఘకాపరి పనిలో అనేక పర్యాయములు ఓదార్చితిని. కాబట్టి నా వాదము గంజాయి మంచిదని కాదు. దాని చెడుగును మనము తప్పు త్రాసులో తూచుచున్నామని నా వాదము.

మొదట ఆ మొక్కనుగూర్చియే నిజము మాటలాడుదము. దానినిగూర్చి రెండు అబద్ధములు లోకములో తిరుగుచున్నవి. ఒకటి యౌవనస్థుల నోట, రెండవది పెద్దల నోట.

యౌవనస్థులు చెప్పు మాట ఇది: "ఇది మొక్కయే గదా, కొట్టులో కలిపి చేసిన విషము కాదు గదా, దేవుడు మొలిపించిన ఆకు ఎట్లు కీడు చేయును?" కొందరు ఆదికాండము మొదటి అధ్యాయమును సైతము సాక్ష్యమునకు పిలుచుచున్నారు. అక్కడ చెప్పబడినది ఆహారమునుగూర్చి గాని పొగనుగూర్చి కాదు. ఉమ్మెత్తయు దేవుడు మొలిపించినదే. గన్నేరును ఆయన మొలిపించినదే. అందుచేత ఉమ్మెత్త కాయను ఎవడును కూర వండుకొనడు, గన్నేరు వేరును ఎవడును పప్పులో వేసికొనడు. మొక్క అన్నంత మాత్రమున మేలనుట అజ్ఞానము. పొగాకును మొక్కయే, నల్లమందును మొక్క పాలే.

ఈ మొక్కలో నున్న బలమేమో శాస్త్రజ్ఞులు చక్కగా తేల్చిరి. 1964లో ఇశ్రాయేలు దేశమందు మెకూలమ్, గావొని అను ఇద్దరు పండితులు మత్తు కలిగించు పదార్థమును వేరుపరచి దాని నిర్మాణమును తెలిసికొనిరి. దానినే టి.హెచ్.సి. అందురు. ఆడమొక్క పూతమీది జిగురులో అది ఎక్కువగా నుండును. 1988లో ఈ పదార్థము మన మెదడులో ఎక్కడ పట్టుకొనునో కనుగొనబడెను. 1992లో మన శరీరము తానై తయారు చేసికొను అటువంటి పదార్థమొకటి బయటపడెను. దానికి ఆ పండితులు మన ‘ఆనంద’ శబ్దమునుండియే ఆనందమైడ్ అని పేరు పెట్టిరి. జ్ఞాపకము, ఆకలి, నొప్పి, భయము వీటిని అదుపులో నుంచుటకు దేహము ఆ పదార్థమును చిటికెడు చిటికెడుగా, అవసరమైన చోటనే వాడుకొనును. గంజాయి పొగ పీల్చినవాడు ఆ సన్నని కాలువలోనికి ఏటి వరదను వదలుచున్నాడు. అందుచేతనే అతని కన్నులు ఎఱ్ఱబారును, గుండె వడివడిగా కొట్టుకొనును, ఆకలి హెచ్చును, నిమిషము గంటవలె సాగును, ఇప్పుడే విన్న మాట మనస్సున నిలువదు, కంటికిని చేతికిని పొందిక తప్పును. అట్టివాడు మోటారు సైకిలు నడిపినచో ప్రాణములు పోవును. అవి అతనివే కానక్కరలేదు.

ఇక పెద్దలు చెప్పు అబద్ధము. "ఒక్క దమ్ము లాగినచో పిచ్చి పట్టును, చచ్చిపోవును" అని మన ప్రసంగవేదికలమీదనుండి సైతము వినుచున్నాము. ఇది నిజము కాదు. నల్లమందు జాతి మందులు మితిమీరినప్పుడు ఊపిరిని ఆపివేయును. గంజాయి అట్లు చేయదు. ఏలయనగా ఊపిరిని నడుపు మెదడు భాగములో అది పట్టుకొను చోట్లు బహు తక్కువ. మనము భయపెట్టవలెనని హెచ్చించి చెప్పిన మాటను విని పిల్లవాడు హాస్టలుకు పోవును. అక్కడ పొగ పీల్చిన స్నేహితుడు మరునాడు చక్కగా నవ్వుచు క్రికెట్టు ఆడుట చూచును. ఆ దినమునుండి వాడు మన మాట ఏదియు నమ్మడు. మనము చెప్పిన నిజమును సైతము నమ్మడు.

నిజమే చాలినంత భయంకరముగా నున్నది. దానికి అబద్ధము జోడించ నక్కరలేదు. గంజాయి వాడువారిలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిసలగుదురని పరిశోధకుల అంచనా. పదునారు, పదునేడు ఏండ్లలోనే మొదలుపెట్టినవారిలో సుమారు ఆరుగురికి ఒకరు. మెదడు పూర్తిగా పక్వమగుటకు ఇరువదియైదు ఏండ్ల వరకు పట్టును. కట్టుచున్న గోడను తడి ఆరకముందే కదిపినట్లు ఈ మత్తు ఆ వయస్సున పనిచేయును. స్వీడను దేశమున సైన్యమునకు పిలువబడిన నలుబది ఐదు వేల యువకులను ఏండ్ల తరబడి గమనించి 1987లో ప్రకటించిన పరిశోధనలో, ఏబది పర్యాయములకు మించి గంజాయి వాడినవారిలో తీవ్రమైన మతిభ్రమణ వ్యాధి ఆరు రెట్లు కనబడెను. తరువాతి లెక్కలలో ఆ అంకె కొంత తగ్గినను, సంబంధము మాత్రము తొలగిపోలేదు. 2019లో ఐరోపా పట్టణములలోను బ్రెజిలులోను చేసిన మరియొక పరిశోధన ప్రతిదినము వాడువారికి మతిభ్రమణ అపాయము మూడు రెట్లనియు, బలము హెచ్చుగా నున్న రకమును ప్రతిదినము వాడువారికి సుమారు ఐదు రెట్లనియు చెప్పెను. అందరికిని పిచ్చి పట్టదు. కాని ఎవరికి పట్టునో ముందుగా చెప్పగలవాడు లేడు. వంశములో అట్టి వ్యాధి యున్నవారు దీనిని ముట్టుకొనుట అగ్గితో ఆటలాడుటయే.

"ఇది మందుగా కూడ పనికివచ్చును గదా" అనువారికి ఒక మాట. అవును, పనికివచ్చును. 1839లోనే కలకత్తాలో ఓషానెస్సీ అను వైద్యుడు దీనిని ధనుర్వాతమునకును, పసిబిడ్డ మూర్ఛకును ఇచ్చి చూచి తన అనుభవమును ప్రకటించెను. సుమారు నూట ఎనుబది ఏండ్లకు, 2018లో, ఈ మొక్కలోనే యున్న మత్తు కలిగించని మరియొక పదార్థము పిల్లలకు వచ్చు రెండు భయంకరమైన మూర్ఛవ్యాధులకు మందుగా అమెరికాలో అంగీకరింపబడెను. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల సంఘము గంజాయిని అతి కఠినమైన పట్టికనుండి 27 ఓట్లతో, 25 ఓట్లు వ్యతిరేకముగా నుండగా, తొలగించెను. భారతదేశమును తొలగింపు పక్షముననే ఓటు వేసెను. ఇవన్నియు నిజములే. అయితే వైద్యుని చేతిలోని మందుకు మోతాదు కలదు, రోగి పేరు కలదు. మూర్ఛబిడ్డ సీసాను చూపి మేడమీది సిగరెట్టును సమర్థించుట, ఆసుపత్రి కత్తిని చూపి వీధిలో కత్తిపోటును సమర్థించుట వంటిది.

ఇంతవరకు చెప్పినది చాలామంది ఒప్పుకొందురు. ఒప్పుకొనని మాట ఇప్పుడు చెప్పబోవుచున్నాను. ఈ కీడు నిజమైనదైతే, దాని శిక్ష ఎవరిమీద పడుచున్నది?

ఇది కొండవారు తెచ్చిన పాపమని తలంచువారు కొంచెము చరిత్ర చూడవలెను. 1893లో బ్రిటిషు పార్లమెంటులో మద్యనిషేధ ప్రచారకుడైన కేన్ అను సభ్యుడు భారతదేశములోని గంజాయిని గూర్చి ప్రశ్న వేయగా, ప్రభుత్వము ఏడుగురు సభ్యుల విచారణ సంఘమును నియమించెను. దానిలో ముగ్గురు భారతీయులు. వారిలో ఒకరైన కపుర్తలా హర్నాం సింగు క్రైస్తవుడు. స్వతంత్ర భారతమునకు తొలి ఆరోగ్య మంత్రియైన రాజకుమారి అమృత కౌర్ తండ్రి. ఆ సంఘము 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక సమర్పించెను. మితముగా వాడినచో చెప్పుకోదగిన కీడు లేదనియు, మితిమీరినచో కీడు నిశ్చయమనియు, సంపూర్ణ నిషేధముకంటె పన్నును, లైసెన్సును మేలనియు అధిక సంఖ్యాకులు తీర్మానించిరి. దేశీయ సభ్యులలో ఇద్దరు దానికి భిన్నముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. కౌమారములోని మెదడునుగూర్చి నేడు తెలిసినది ఆ దినములలో తెలియదు గనుక వారి మొదటి మాటను నేడు అట్లే అంగీకరింపరాదు. కాని వారు కనిపెట్టిన మరియొక సంగతి నేటికిని పనికివచ్చును. పిచ్చాసుపత్రుల పుస్తకములలో ‘కారణము: గంజాయి’ అని వ్రాసినవానిని మరల విచారింపగా, అనేకుల విషయములో ఎవరును విచారణయే చేయలేదు. రోగిని తెచ్చినవారు ఏదో ఒక కారణము చూపవలెను గనుక సులువుగా దొరికిన మాట వ్రాసిరి. సులువుగా దొరికినవానిమీద నేరము మోపుట మనకు ఆ కాలమునుండియే అలవాటైనది.

ఆ దినములలో గంజాయి పైరు ఎక్కడ నుండెను? బెంగాలులో నౌగావ్ ప్రాంతమున సర్కారు కనుసన్నలలో పండించిరి. మద్రాసు రాజధానిలో జవ్వాది కొండలయందును, నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోను పండించిరి. అవును, చదువరులారా, బాపట్ల తాలూకా! కొండ కాదు, కోన కాదు. మన కోస్తా మైదానపు చక్కని భూమి. సర్కారు పన్ను వసూలు చేసినది, మైదానపు రైతు పండించెను, పట్టణపు దుకాణదారుడు అమ్మెను. అప్పుడు దానిని ఎవరును ఏజెన్సీ పాపమనలేదు.

తరువాత 1961లో ప్రపంచ రాజ్యముల ఒడంబడిక వచ్చెను. దాని ప్రకారము మన దేశములో 1985 నవంబరు 14నుండి మాదకద్రవ్యముల చట్టము అమలులోనికి వచ్చెను. ఈ చట్టము దృష్టిలో గంజాయి యనగా పూతయు, కాపుతో కూడిన కొమ్మ చివరలును. పూత లేక విడిగా నున్న ఆకును, గింజను చట్టము లెక్కలోనికి తీసికొనదు. అందుచేతనే ఉత్తరదేశమున కొన్ని రాష్ట్రములలో భంగు దుకాణములు నేటికిని లైసెన్సుతో నడుచుచున్నవి. ఒకే మొక్క; ఆకైతే పండుగ పానీయము, పూతయైతే చెరసాల.

పైరు నిషేధింపబడినంత మాత్రమున కొనువాడు మానలేదు. కావున వ్యాపారి రోడ్డు లేని చోటును వెదకుకొనెను. అట్లు ఇటీవలి దశాబ్దములలో చింతపల్లి, జి. మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మొదలగు మండలములలోనికి ఈ పైరు వ్యాపించెను. కొండమీది రైతు దృష్టితో దీనిని చూడుడి. కాఫీ మొక్క నాటినచో మూడు నాలుగు ఏండ్లకు గాని కాపు రాదు. మిరియపు తీగ పాకుటకు ముందు దానికి చెట్టు పెరుగవలెను. రాజ్మా, పసుపు పండినచో నెత్తిమీద పెట్టుకొని సంతకు దిగవలెను. అక్కడ ధర చెప్పువాడు కొనువాడే. గంజాయి వ్యాపారియో, తానే గుమ్మము దగ్గరకు వచ్చును, విత్తనము తెచ్చును, ముందుగా రొక్కము చేతిలో పెట్టును, ఐదారు నెలలలో సరుకు తీసికొనిపోవును. ఆ సరుకులో ఒక రకమునకు శీలావతి అని పేరు! పతివ్రత పేరును సైతము ఈ వ్యాపారము విడిచిపెట్టలేదు.

2021 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ పోలీసువారు ‘ఆపరేషన్ పరివర్తన’ అను పేర ఈ తోటలను నరికించుట మొదలుపెట్టిరి. ఏడు వేల ఎకరములకు పైగా పైరు నాశనము చేయబడెను. కొన్ని గ్రామములలో ప్రజలే ముందుకు వచ్చి నరికిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కాల్చివేసిరి. అది మంచి పనియే. కాని కొనువాని జేబు చెక్కుచెదరలేదు గనుక, పైరులో చాలభాగము సరిహద్దు దాటి ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ కొండలకు పోయెను. అక్కడనుండి మరల మన దారులగుండనే దిగుచున్నది. కావలసినది మోయుటకు నెత్తి, నడుచుటకు కాళ్లు. అవి కొండవానివే.

ఇప్పుడు త్రాసు చూడుడి. ఈ చట్టమునకు గంజాయి విషయములో రెండు అంకెలు ముఖ్యము: ఒక కిలో, ఇరువది కిలోలు. కిలోవరకు ‘స్వల్ప పరిమాణము’. ఒక సంవత్సరము మించని చెర గాని, పదివేలు మించని జరిమానా గాని, రెండును గాని. ఇరువది కిలోలకు మించినచో ‘వాణిజ్య పరిమాణము’. పది సంవత్సరములకు తగ్గని, ఇరువది సంవత్సరములవరకు పోగల కఠిన కారాగారము, లక్షకు తగ్గని జరిమానా. నడుమ నున్న దానికి పది సంవత్సరములు మించని చెర, లక్ష మించని జరిమానా. ఇక పీల్చినవానికి ఆరు నెలలు మించని చెర గాని, పదివేలు మించని జరిమానా గాని, రెండును గాని.

పందొమ్మిదిన్నర కిలోలు మోసిన కూలివాని విషయములో న్యాయాధిపతి అతని బీదరికమును, వయస్సును, అది మొదటి తప్పు అగుటను చూచి రెండేండ్లు వేయవచ్చును. ఇరువది కిలోలన్నర మోసినవాని విషయములో ఆ న్యాయాధిపతికే చేతులు కట్టివేయబడినవి. పదేండ్లకు ఒక్క దినమైనను తగ్గింపలేడు. నడుమ నున్నది ఒక కిలో. ఆ మూటలో ఎంత యున్నదో మోసినవాడు తూచి యెత్తుకొనెనా? మూట కట్టినవాడు వేరు, తూచినవాడు వేరు. అతనికి తెలిసినది ఒక్కటియే: ఈ మూటను ఫలాని మలుపువరకు చేర్చినచో కూలి ముట్టును.

ఇంకొక సంగతి వినుడి. ఈ చట్టములో 32బి అను సెక్షనున్నది. కనీసపు శిక్షకంటె ఎక్కువ వేయుటకు న్యాయాధిపతి చూడదగిన కారణములు అందులో వరుసగా వ్రాయబడినవి: ఆయుధము వాడెనా, ప్రభుత్వ పదవిలో నుండెనా, పిల్లలను వాడుకొనెనా, ముఠాతో సంబంధమున్నదా అని. మంచిది. అయితే కనీసమునకు తగ్గించుటకు వ్రాసిన కారణము ఒక్కటియు లేదు. 37వ సెక్షను ప్రకారము వాణిజ్య పరిమాణపు కేసులలో, ముద్దాయి నిర్దోషియని నమ్ముటకు తగిన ఆధారమున్నదనియు, విడుదలయైనచో మరల నేరము చేయడనియు కోర్టు తృప్తిపడినగాని బెయిలు లేదు. విచారణ ముగియక ముందే నిర్దోషియని చూపుకొనవలెను! కువి భాషయో, ఆదివాసి ఒడియాయో మాటలాడు కుఱ్ఱవాడు తెలుగులో వ్రాసిన పంచనామాకు ఎదురుగా దీనిని ఎట్లు చూపగలడు? అతని తల్లి కొండ దిగి విశాఖపట్నపు కోర్టుకు రావలెననిన ఒక దినపు కూలియు, బస్సు ఛార్జీయు పోవును. వకీలు ఫీజు మాట చెప్పనక్కరలేదు.

మరి పెట్టుబడి పెట్టినవాడు? అతనికిని చట్టములో సెక్షనున్నది, 27ఎ. పదినుండి ఇరువది సంవత్సరములు. కాని పోలీసువారు అడవిదారిని ఆపినప్పుడు అక్కడ మూట యుండును, మోసినవాడుండును; రొక్కమిచ్చినవాడు ఉండడు. అతడు ఆ దారిని ఎన్నడును నడువలేదు. త్రాసు మూటను తూచును. మూట ఎవని చేతిలో దొరికినదో వాని మెడకు బరువు కట్టును. మూట ఎవని లాభముకొరకు కదలినదో త్రాసు అడుగదు.

"పాదిరిగారూ, జాలి చూపినచో భయము పోవును, భయము పోయినచో అందరును మోయుదురు" అని కొందరు అందురు. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. శిక్ష అక్కరలేదని నేను చెప్పుటలేదు. మోసినవాడు తప్పు చేసెను. అది పిల్లల చేతికి చేరు విషమని అతడు ఎరుగును లేక ఎరుగవలెను. కాని శిక్షకు భయపడి మానుట అనునది, మానిన తరువాత వేరొక బ్రతుకుతెరువున్న వాని విషయములో పనిచేయును. ఆకలిగొన్న వాడు పదేండ్ల తరువాత ఏమగునో లెక్క వేయడు. ఈ రాత్రి పొయ్యి వెలుగునా అని చూచును. ఒకడు చెరకు పోయినచో వ్యాపారి ప్రక్క ఊరిలో ఇంకొకని చూచుకొనును. ఈ చట్టము వచ్చి నలుబది ఏండ్లు నిండినవి. కూలివాండ్ల కొరత వ్యాపారికి ఎన్నడైనను వచ్చెనా? మూట మోయువానికి పదేండ్లు వేయుటవలన వ్యాపారికి నష్టమైనది ఒక మూట మాత్రమే.

ఇక కొనువాని సంగతి. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన దేశవ్యాప్త లెక్క ప్రకారము సుమారు 3 కోట్ల 10 లక్షల మంది ఆ ముందటి సంవత్సరములో భంగో, గంజాయియో, చరసో వాడిరి. వారిలో 72 లక్షల మందికి సహాయము అవసరమగు స్థితి. ఈ మూడు కోట్లమంది కొండలలో లేరు. మన వీధులలో, మన హాస్టళ్లలో, మన ఇండ్లలో ఉన్నారు. అదే లెక్కలో మద్యమువలన సహాయము అవసరమైనవారు ఐదు కోట్ల 70 లక్షలు. ఆ సీసాలు సర్కారు అనుమతితోనే అమ్మబడుచున్నవి. కావున గంజాయి మూట మోసిన కుఱ్ఱవాని చూచి ‘సంఘద్రోహి’ అనుటకు ముందు మనము కొంచెము తలవంచుకొనవలెను.

కొడుకు జేబులో పొట్లము దొరికినప్పుడు పట్టణపు తండ్రి ఏమి చేయును? తలుపు వేసికొనును, తెలిసినవారిచేత మాట చెప్పించును, వకీలును పెట్టును, "స్నేహితులు చెడగొట్టిరి" అనును. ఆ కొడుకు ఇచ్చిన రూపాయియే వ్యాపారి చేతులలోగుండ కొండమీదికి ఎక్కి ఆ మూటను ఎత్తించెనని ఆ తండ్రికి తోచదు. కొనినవాని మార్గము ఎంత చదునుగా నున్నదో, మోసినవాని మార్గము అంత నిటారుగా నున్నది. ఇద్దరును ఒకే నేరమునకు రెండు కొనలు. ఒక కొనను పట్టి లాగి, రెండవ కొనను దాచుకొనుట న్యాయము కాదు.

అట్లయిన కొనినవానిని కూడ పదేండ్లు వేయుడి అందునా? అనను. అతనికి కావలసినది వైద్యము. ఆ మార్గమును చట్టమే చూపినది. 64ఎ సెక్షను ప్రకారము, మత్తుకు బానిసయైనవాడు తానై ప్రభుత్వపు లేక ప్రభుత్వము గుర్తించిన చికిత్సాలయమునకు పోయి వైద్యము పూర్తి చేసికొనినచో, వాడుకకు గాని స్వల్ప పరిమాణమునకు గాని వానిని శిక్షింపరు. వైద్యము నడుమ విడిచిపెట్టినచో ఆ రక్షణ పోవును. ఎందరు తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియును? సిగ్గువలన దాచిపెట్టి, పిల్లవాని మతి చెడిన తరువాత తీసికొనివచ్చువారే ఎక్కువ. మానినప్పుడు కొన్ని దినములు నిద్రలేమి, కోపము, ఆకలి మందగించుట కలుగును. అది ప్రాణాపాయము కాదు, వారములలో తగ్గును. 14446 అను ఉచిత టెలిఫోను నంబరు ఇందుకొరకే కేంద్ర ప్రభుత్వము ఏర్పాటు చేసినది. దానిని మీ సంఘపు నోటీసు బల్లమీద వ్రాసిపెట్టుడి.

కాబట్టి, చదువరులారా, మనము అడుగవలసినది జాలి కాదు, సరియైన త్రాసు. కనీసపు శిక్షను పెంచుటకు కారణములు వ్రాసిన చట్టములో, తగ్గించుటకును కొన్ని కారణములు వ్రాయబడవలెను: మొదటి తప్పా, కూలికి మోసెనా, లాభములో పాలున్నదా, మూట కట్టినవానిని చూపుటకు సాయపడెనా? ఇవి న్యాయాధిపతి అడిగి తెలిసికొనదగినవే. మీ శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు ఓటు కొరకు వచ్చునప్పుడు ఈ మాట అడుగుడి. రోడ్డు, గిట్టుబాటు ధర, సంతలో సరియైన తూకము కొండమీదికి చేరినవా అని కూడ అడుగుడి. తోట నరికిన చోట కాఫీ కాయువరకు ఆ రైతు ఏమి తినవలెనో చెప్పనివాడు సగము పనియే చేసెను.

ఇది మన సంఘములకు మరింత దగ్గరి మాట. చెరలోనున్నవారిని దర్శించుట మన ప్రభువు మనకు అప్పగించిన పని. కాని మనము ఎంచుకొని దర్శించుచున్నాము. మన ఊరివాడు, మన కులమువాడు, మన ఇంటిపేరువాడు చెరలో నున్నచో పరుగెత్తుదుము. పెదబయలు కుఱ్ఱవాని పేరు మనకు నోరు తిరుగదు గనుక అతనిని విడిచిపెట్టుదుము. విశాఖపట్నపు కారాగారములో గంజాయి కేసుల ఖైదీలు పెద్ద సంఖ్యలో నున్నారన్నది పత్రికలు చదువువారికి క్రొత్త వార్త కాదు. అతని తల్లికి బస్సు ఛార్జీ ఇచ్చుట, ఉచిత న్యాయసహాయ సంఘమునకు ఆమెను తోడుకొనిపోవుట, భాష తెలిసినవానిని వెంట పంపుట, ఇంటివద్ద చిన్నపిల్లలు బడి మానకుండ చూచుట, ఇవి ఏ సంఘమైనను చేయగల పనులు. వీటికి తీర్మానములు అక్కరలేదు, చందా పుస్తకములు అక్కరలేదు. పోవుటకు ఇద్దరు మనుష్యులున్న చాలును.

యౌవనస్థులారా, మీకు చివరి మాట. మీ మెదడునుగూర్చి చెప్పినది మరల చెప్పను. ఈసారి ఎవడైనను ఆ పొట్లమును మీ చేతిలో పెట్టినప్పుడు, అందులో నున్నది ఆకు మాత్రమే అనుకొనకుడి. దాని వెనుక మీ వయస్సువాడే యొకడు చీకటిలో అడవిదారిని మూట మోయుచున్నాడు. మీరు పట్టుబడినచో మీ తండ్రి వచ్చును. అతడు పట్టుబడినచో ముప్పదియవ ఏట ఇంటికి వచ్చును. ఆ పొట్లమును తిరిగి ఇచ్చివేయుడి. కొనువాడు లేనినాడు మోయువాడును ఉండడు.